ట్యాంకీ మీద కాగితం పెట్టి క్లియర్ కొడితే లోపల అసలు ఏం జరుగుద్ది

పోయిన ఏడాది గుంటూరు నుంచి ఒక కుర్రాడు బుల్లెట్ బండి పెట్రోల్ ట్యాంకీ ఊడదీసి గోనెసంచిలో చుట్టుకుని మా షెడ్డుకి తెచ్చాడు, దాంతోపాటు ఒక ఇన్‌ల్యాండ్ లెటర్ కూడా. వాళ్ళ తాతయ్య ఉద్యోగం మీద వేరే ఊళ్ళో ఉన్నప్పుడు అమ్మమ్మకి రాసిన ఉత్తరం అది, పల్చటి నీలం కాగితం, బాల్‌పెన్ రాత, మడతల దగ్గర కొంచెం చిరుగు పట్టింది. "అన్నా, ఇది ట్యాంకీ మీద పెట్టి పైన క్లియర్ కొట్టు, బండి ఉన్నన్నాళ్ళూ ఉండాలి" అన్నాడు. అప్పటికే పేకముక్కలతో రెండు ట్యాంకీలు చేసి ఉన్నా కదా అని ధైర్యంగా ఒప్పుకున్నా. నల్ల బేస్ మీద, అంటే కింది రంగు కోటు మీద ఉత్తరం పరిచి క్లియర్ కొట్టా, క్లియర్ అంటే రంగు మీద ఆఖర్న కొట్టే రంగులేని వార్నిష్ లాంటి పెయింట్, తడి తగిలిన అర నిమిషంలో రాత మొత్తం ఊదారంగు మబ్బులాగా పాకిపోయింది, వెనకవైపు ఉన్న అడ్రస్ తిరగబడి ముందుకి కనపడింది, నీలం కాగితం కాస్తా నల్లగా అయిపోయింది. తుడవడానికి లేదు, పీకడానికి లేదు. అది చెప్పడానికి ఆ అబ్బాయికి ఫోన్ చేసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ తర్వాత నెలల తరబడి పాత రేకుముక్కల మీద ట్రై చేసి, పెయింట్ కెమిస్ట్రీ గురించి దొరికినంత చదివి అర్థం చేసుకున్నది ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఈ పని అడిగేవాళ్ళు బాగా పెరిగారు, శుభలేఖలు, సినిమా టికెట్లు, పేకముక్కలు, పాత పేపర్ కటింగులు, చిన్నపిల్లలు గీసిన బొమ్మలు అన్నీ తెస్తున్నారు, వాటిలో చాలా వాటికి రెండో కాపీ ఉండదు.

ముందు ఒక అపోహ తీసేయాలి. అందరూ క్లియర్ అంటే ఫోటో ఫ్రేముకి అద్దంలాంటిది అనుకుంటారు, కింద కాగితం, పైన అద్దం, అంతే అని. కానీ అద్దం కాగితంలోకి దిగదు, క్లియర్ దిగుద్ది. గన్‌లోంచి వచ్చేటప్పుడు అది ద్రవం, సగం థిన్నరే, కాగితం దాన్ని తాగేస్తది.

పకోడీ పొట్లం గుర్తు తెచ్చుకోండి. నూనె పట్టిన చోట కాగితం అద్దంలాగా అయిపోయి అవతలి పక్క అక్షరాలు కనపడతాయి కదా, ట్యాంకీ మీద జరిగేదీ అదే. కాగితం అంటే చెట్టు నార పోగులు, ఒక్కో పోగు విడిగా చూస్తే దాదాపు పారదర్శకమే, పోగుల మధ్య గాలి ఉండబట్టి వెలుతురు ఆ సందుల్లో అటూ ఇటూ చెదిరి మనకి తెల్లగా కనపడుద్ది. పంచదార కూడా అంతే, ఒక్క పలుకు చూస్తే గాజులా ఉంటది, కుప్ప పోస్తే తెల్లన. వెలుతురు ఒకదాంట్లోకి వెళ్తే ఎంత వంగుద్దో చెప్పే అంకెని వక్రీభవన గుణకం అంటారు, గాలిది 1, కాగితం నారది సుమారు 1.5, ఎండిన క్లియర్‌ది కూడా సుమారు 1.5. ఇప్పుడు పోగుల మధ్య గాలి పోయి క్లియర్ నిండిందనుకోండి, నారకీ క్లియర్‌కీ వెలుతురు దృష్టిలో తేడానే లేదు, చెదరడం ఆగిపోద్ది, తెలుపు మాయం. అప్పుడు వెనక వైపు ప్రింటు కనపడుద్ది, కింద బేస్ ఏ రంగుంటే ఆ రంగు పైకి తేలుద్ది. నా ఉత్తరం నల్లబడింది అందుకే, కాగితం పాడయ్యి కాదు, కింద నలుపు కనపడి.

సరే అయితే క్లియర్ లోపలికి దిగకుండా ముందే సీల్ చేసేద్దాం అనిపిస్తది. చాలామంది చేసేది అదే, ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు నీళ్ళలో కలిపి రెండు వైపులా పూసి, ఆరబెట్టి, అంటించి, పైన క్లియర్. ఫోటోకి అద్భుతంగా వస్తది. కానీ అసలు చిక్కు ఇక్కడే, దీని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు.

మామూలు పెయింట్‌లో క్లియర్ బేస్‌ని పట్టుకుంటది, బేస్ ప్రైమర్‌ని, ప్రైమర్ రేకుని. మధ్యలో కాగితం వచ్చిందంటే, దాని పైన ఉన్న క్లియర్ మొత్తం బరువు, ఎండకి సాగడం, చలికి ముడుచుకోవడం అన్నీ ఆ కాగితం మందంలోంచే రేకుకి చేరాలి. కాగితానికి పొడుగునా బలం ఉంటది గానీ మందంలో అస్సలు ఉండదు. గోడ మీద అంటించిన సినిమా పోస్టర్ పీకితే ఏమవుద్ది, సగం పొర చేతికొస్తది, సగం గోడకే ఉండిపోద్ది, జిగురు ఊడలేదు, కాగితమే మధ్యలో రెండుగా చీలింది. సీల్ చేసిన కాగితం లోపల ఇంకా ఎండు నార, గాలి ఉంటాయి, క్లియర్ పైపొరనే పట్టుకుని ఉంటది, ఏదో ఒక ఎండాకాలం లోపల చీలి బొబ్బలా లేస్తది.

అంటే రెండు కోరికలు ఒకదానికొకటి అడ్డం. బలంగా ఉండాలంటే క్లియర్ కాగితం అడుగుదాకా దిగి నార మొత్తం తడవాలి, అచ్చం ఫైబర్ షీటులో గుడ్డ రెసిన్ తాగినట్టు. బొమ్మ ఉన్నదున్నట్టు కనపడాలంటే దిగకూడదు. ఈ ఒక్క తగాదా అర్థమైతే మిగతావన్నీ వాటంతట అవే విడిపోతాయి.

నేను ఒక్క పక్షమే తీసుకుంటా, పూర్తిగా తడపడం. పారదర్శకం అవుద్దని ముందే తెలుసు కాబట్టి దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. సర్ఫింగ్ బోర్డులు చేసేవాళ్ళు ఎప్పటినుంచో ఇదే చేస్తున్నారు, వాళ్ళు లోగోలని రైస్ పేపర్ అనే బాగా పల్చటి కాగితం మీద ప్రింట్ చేసి, ఫైబర్ గుడ్డ కింద పెట్టి రెసిన్ పోస్తారు, కాగితం కంటికి కనపడకుండా పోయి ప్రింటు మాత్రమే బోర్డులో మిగులుద్ది. సముద్రపు నీళ్ళలో, ఎండలో ఏళ్ళ తరబడి తిరిగే బోర్డులు అవి. ట్యాంకీకి కూడా అదే దారి, పల్చటి కాగితం, ఒకవైపే ప్రింటు, కింద తెల్ల బేస్. కాగితం తెలుపు పోయినా కింద బేస్ తెలుపు ఆ పని చేస్తది, రంగులు నిలుస్తాయి. ట్యాంకీ మొత్తం నలుపు కావాలంటే కాగితం వచ్చే చోటు వదిలి చుట్టూ టేపుతో మాస్కింగ్ చేసి, ఆ చోట మాత్రం తెలుపు కొట్టుకోవాలి.

అందుకే ఒరిజినల్ కాగితం పెట్టొద్దు. ఇది ఎంత చెప్పినా తక్కువే. స్కాన్ తీయించి కాపీ పెట్టండి, అసలుది ఇంట్లో దాచుకోండి. ఒరిజినలే ఉండాలి అనే మాట వెనక ఉన్న ప్రేమ నాకు తెలుసు, కానీ ఆ కాగితం మన కోసం తయారైంది కాదు. ఇన్‌ల్యాండ్ లెటర్ రెండు వైపులా వాడేది, బాల్‌పెన్ ఇంకు నూనె బేస్ మీద రంగు కలిపిందే కాబట్టి థిన్నర్ తగలగానే కరుగుద్ది. న్యూస్ పేపర్‌లో లిగ్నిన్ అని చెక్కలో ఉండే పదార్థం మిగిలి ఉంటది, ఎండకి పసుపెక్కుద్ది. శుభలేఖ మందం అట్ట, పైన బంగారు రేకు, నాలుగు మూలలా పసుపు, ఆ పసుపులో ఉండే కర్క్యుమిన్ వెలుతురికి ఎంత తొందరగా వెలిసిపోద్దో పసుపు మరక పడ్డ చొక్కా ఎండలో ఆరేసిన ప్రతి ఇల్లాలికీ తెలుసు. మంచి క్లియర్లలో యూవీని ఆపే మందు కలిపి ఉంటది నిజమే, కానీ మామూలు వెలుతురుకి కూడా రంగులు వెలుస్తాయి, దాన్ని ఆపితే బొమ్మే కనపడదు కదా.

కాపీ అయినా ఏ ప్రింటర్‌తో అనేది తేడా కొడుద్ది. మామూలు ఇంక్‌జెట్‌లో డై ఇంకు, అంటే రంగు ద్రవంలో కరిగి ఉండే ఇంకు ఉంటే పాకొచ్చు, వెలిసిపోవడం కూడా తొందరే. పిగ్మెంట్ ఇంకు అయితే రంగు పొడి రూపంలో ఉంటది, థిన్నర్‌కి కరగదు, ఎండకి కూడా బాగా నిలుస్తది, నా ఓటు దీనికే. లేజర్ ప్రింటు, జిరాక్స్ అయితే టోనర్ అంటే ప్లాస్టిక్ పొడి కరిగించి అతికించిందే, నీళ్ళకి కదలదు గానీ ఘాటు థిన్నర్ తడిగా పడితే మెత్తబడి అక్షరాలు జారతాయి. కాబట్టి టోనర్ మీద మొదటి రెండు సార్లు గన్ దూరంగా పట్టి పొడిపొడిగా పొగమంచు పడ్డట్టు కొట్టాలి, అది ఆరాకే తడి కోటు.

ఇక తేమ. మన దగ్గర ఇది చాలా పెద్ద విషయం, వేరే దేశాల వీడియోలు చూసి చేసేవాళ్ళు దీన్ని పట్టించుకోరు. ఎండినట్టు కనపడే కాగితంలో కూడా బరువులో 6, 7 శాతం నీళ్ళే ఉంటాయి, వానాకాలం విజయవాడలో ఇంకా ఎక్కువ. కొట్టే ముందు గట్టిపడే మందు అంటే హార్డనర్ కలుపుకునే క్లియర్‌ని టూకే అంటారు, ఆ హార్డనర్‌లో ఉండేది ఐసోసయనేట్, అది గట్టిపడాల్సింది క్లియర్‌లోని రెసిన్‌తో కలిసి, కానీ దానికి నీళ్ళు దొరికితే నీళ్ళతో కూడా కలుస్తది, కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుద్ది. లెక్క వేసి చూడండి, 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి 80 గ్రాములు) ఏఫోర్ షీటు బరువు 5 గ్రాములు, 7 శాతం అంటే 0.35 గ్రాము నీళ్ళు, అందులో పదో వంతు మాత్రమే హార్డనర్‌తో కలిసినా దాదాపు 45 మిల్లీలీటర్ల గ్యాస్. అది పోవడానికి దారేది, పైన క్లియర్ తోలు కట్టేసి ఉంటది, చిన్న చిన్న బుడగలు, గుండుసూది కన్నాలు. దీనికి తోడు పోగుల మధ్య ఉన్న గాలి కూడా బయటికి రావాలి. కాగితాన్ని పెట్టేముందు ఎండలో కాదు, ఇస్త్రీ పెట్టెతో తక్కువ వేడి మీద ఒత్తి ఆరబెట్టి, వెంటనే వాడాలి, గంట బయట పెడితే మళ్ళీ తేమ తాగేస్తది. టోనర్ ప్రింటు అయితే ఇస్త్రీకి అంటుకోకుండా పైన బటర్ పేపర్ వేసుకోవాలి. ముసురు పట్టిన రోజు ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది.

తేమ వల్ల ఇంకో ఇబ్బంది, కాగితం సైజు మారుద్ది. నారలు ఎటు పరుచుకుని ఉంటాయో దానికి అడ్డంగా, ఎండు నుంచి తడికి వెళ్తే సుమారు ఒక శాతం సాగుద్ది, అంటే 30 సెంటీమీటర్ల కాగితం 3 మిల్లీమీటర్లు. ఉక్కు రేకు అదే 30 సెంటీమీటర్లు, నీడలోంచి మండుటెండకి 40 డిగ్రీలు వేడెక్కినా 0.15 మిల్లీమీటరు కూడా సాగదు. రేకు కదలడం లేదు, కాగితం కదలాలని చూస్తది. నారలు పూర్తిగా క్లియర్‌తో నిండి ఉంటే లోపలికి తేమ వెళ్ళే దారి బాగా తగ్గిపోద్ది, తెల్ల జిగురుతో అంటించిందైతే జిగురు కూడా వేడికి, తేమకి మెత్తబడుద్ది. నేను తెల్ల జిగురు మానేసింది ఇందుకే, ఇప్పుడు బేస్ కోటులో రంగు కలపకుండా వాడే బైండర్ ఉంటది కదా, అదే కొట్టి, చేతికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు కాగితం పరుస్తా, మధ్యలోంచి అంచుల వైపు మెత్తటి బ్రష్‌తో ఒత్తుకుంటూ గాలి బయటికి తోస్తా, పైన మళ్ళీ అదే బైండర్ పల్చగా. కింద నుంచీ పై నుంచీ ఒకే పదార్థం తాగితే మధ్యలో ఎండు పొర మిగలదు.

ట్యాంకీ వంపు గురించి కూడా చెప్పాలి. గుమ్మడికాయకి కాగితం చుట్టి చూడండి, ఎంత లాగినా ముడతలు వస్తాయి. డబ్బాలాగా ఒకవైపే వంపు ఉంటే కాగితం ఒదుగుద్ది, రెండు వైపులా వంపు ఉంటే ఒదగదు, అది కాగితం తప్పు కాదు, లెక్కల్లో ఉన్న సంగతి. బుల్లెట్ ట్యాంకీ పక్కభాగం కొంచెం నయం, పైభాగం కష్టం. పెద్ద కాగితాన్ని ముక్కలుగా చించి అతికించుకోవడమే దారి, కత్తెరతో కాదు, చేత్తో చింపాలి, చింపిన అంచులో నారలు పల్చగా సాగి ఉంటాయి, క్లియర్ కింద ఆ అంచు కలిసిపోద్ది, కత్తెర అంచు గోడలా నిలబడుద్ది.

ఆ గోడనే కదా అందరూ క్లియర్‌తో పూడ్చాలని చూసేది. ఇక్కడ ఒక లెక్క తప్పు అందరూ చేస్తారు, నేనూ చేశా. కాగితం 100 మైక్రాన్ల మందం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఒక కోటు క్లియర్ ఆరాక 25 నుంచి 30 మైక్రాన్లు, కాబట్టి నాలుగు కోట్లు కొడితే సమానం అయిపోద్ది అనుకుంటాం. అవదు. క్లియర్ కాగితం మీదా పడుద్ది, పక్కన రేకు మీదా పడుద్ది, రెండూ కలిసి పెరుగుతాయి, మెట్టు మెట్టులాగే ఉంటది, అంచు కొంచెం గుండ్రం అవుద్ది అంతే. మెట్టుని తీసేది గన్ కాదు, ఎమరీ పేపర్. కాగితం మీద 100 మైక్రాన్లు అరగదీయడానికి క్లియర్ ఉండాలి, అరగదీశాక కూడా పైన కనీసం 50 మిగలాలి, అంటే 150, అంటే ఆరు కోట్ల దాకా. అదే 25 మైక్రాన్ల టిష్యూ లాంటి కాగితం అయితే మూడు కోట్లతో అయిపోద్ది. పేకముక్క సుమారు 300 మైక్రాన్లు, దానికి పన్నెండు పైన, అంత మందం క్లియర్ లోపల థిన్నర్ ఇరుక్కుని తర్వాత పగులుద్ది. పేకముక్కే కావాలంటే అది రెండు కాగితాలు జిగురుతో కలిపింది కాబట్టి నీళ్ళలో నానబెట్టి ముఖం ఉన్న పొర విడదీసుకోవచ్చు, బాగా ఆరబెట్టి వాడుకోవచ్చు.

ఒకేసారి అన్ని కోట్లూ కొట్టకూడదు. రెండు తడి కోట్లు, మధ్యలో పది పదిహేను నిమిషాలు గ్యాప్, రాత్రంతా ఆరనిచ్చి 600 లేదా 800 నంబరు ఎమరీతో రుద్ది, మళ్ళీ రెండు. మొదటిసారి రుద్దేటప్పుడు నీళ్ళు వాడొద్దు, పొడిగానే రుద్దండి, ఎందుకంటే అంచు దగ్గర క్లియర్ ఒక్క చోట తెగినా నీళ్ళు కాగితంలోకి పోయి అక్కడ ఉబ్బుద్ది, అది మళ్ళీ కుదురుకోదు. కాగితం మీదకి ఎమరీ దిగితే నార లేచి తెల్ల మచ్చ పడుద్ది, దానికీ మందు లేదు. అంచులు, వంపు తిరిగే చోట్లు ముందు తెగుతాయి, అక్కడ చేయి తేలిగ్గా పెట్టాలి.

ఇదేం కొత్త పని కాదు. 18వ శతాబ్దంలో వెనిస్‌లో చైనా, జపాన్ లక్క సామాను కొనలేనివాళ్ళ కోసం రంగుల బొమ్మలు కత్తిరించి చెక్కపెట్టెల మీద అంటించి పొరలు పొరలుగా వార్నిష్ వేసేవాళ్ళు, దాన్ని లాకా పోవెరా అనేవాళ్ళు, పేదవాళ్ళ లక్క అని. ఫెండర్ కంపెనీ 1968లో టెలీకాస్టర్ గిటార్ల మీద పూల డిజైన్ వాల్‌పేపర్ అంటించి పైన క్లియర్ వేసి అమ్మింది, అమెరికా గిటారిస్టు జేమ్స్ బర్టన్ వాయించిన పైస్లీ (మామిడిపిందె డిజైన్) గిటార్ ఆ రకమే. ఫ్యాక్టరీలో చేసినవి కూడా కాలం గడిచేకొద్దీ పగుళ్ళు పట్టాయి. గిటార్ ఇంట్లో ఉంటది, మన బండి ఎండలో పార్కింగ్‌లో ఉంటది, పైన పెట్రోల్ చుక్కలు పడతాయి. అందుకే స్ప్రే డబ్బాలో వచ్చే, హార్డనర్ లేని మామూలు వన్‌కే క్లియర్ ట్యాంకీకి పనికిరాదు, పెట్రోల్ తగిలితే జిగటగా అయిపోద్ది, హార్డనర్ కలిపే టూకే తప్పనిసరి. మూత చుట్టూ రెండు అంగుళాల దాకా కాగితం రానివ్వకండి.

టూకే అన్నాక హార్డనర్ గురించి చెప్పకుండా వదలలేను. మన షెడ్లలో ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని ఇది కొట్టేస్తున్నారు, ఆరు కోట్లు అంటే ఆరు సార్లు ఆ పొగ లోపలికి. ఐసోసయనేట్ వల్ల ఉబ్బసం వస్తది, ఒకసారి ఒంటికి పడకుండా అయ్యిందంటే తర్వాత కొంచెం తగిలినా ఊపిరి ఆడదు, ఆ మనిషి ఇక పెయింట్ పని చేయలేడు. వాసన రావట్లేదు కదా అని ధీమా పడొద్దు, వాసన తెలిసేలోపే హాని చేసే మోతాదు ఉంటది. బయట నుంచి మంచి గాలి పైపుతో అందించే మాస్క్ సరైనది, గుడ్డ అసలు మాస్కే కాదు. పని నేర్చుకునే చిన్న పిల్లల్ని ఆ టైంలో షెడ్డులో ఉంచకండి, దయచేసి.

హెల్మెట్ మీద చేయమని అడుగుతారు, నేను చేయను. పాలీకార్బొనేట్ లాంటి ప్లాస్టిక్ హెల్మెట్‌కి థిన్నర్ తగిలితే బలం తగ్గుద్ది, పైకి ఏమీ కనపడదు, పడ్డ రోజే తెలుస్తది. కరెన్సీ నోట్లు పెట్టమంటారు, అమెరికాలో డాలర్లు పెట్టిన ట్యాంకీలు చూసి. నోట్లని దండలకి, అలంకరణకి వాడొద్దని రిజర్వ్ బ్యాంక్ చాలా ఏళ్ళుగా చెప్తోంది, నేను వద్దనే అంటా. బండి రంగు మొత్తం మారేలా ఉంటే ఆర్‌సీలో రంగు కూడా మార్పించాలి కాబట్టి ముందే ఆర్టీవో ఆఫీసులో కనుక్కోండి. ఇంకోటి, ఇలా చేసిన ట్యాంకీకి సొట్ట పడితే ఆ ఒక్కచోట టచప్ కుదరదు, మొత్తం గీకి మళ్ళీ మొదలుపెట్టాలి, స్కాన్ ఫైల్ దాచుకోమని నేను అందరికీ చెప్పేది అందుకు కూడా.

ఆ గుంటూరు అబ్బాయి మళ్ళీ వచ్చాడు. వాళ్ళ అమ్మమ్మ పెట్టెలో ఇంకో ఉత్తరం దొరికిందట, ఈసారి షెడ్డుకి తేకుండా స్కాన్ తీయించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. పల్చటి టిష్యూ మీద పిగ్మెంట్ ఇంకుతో, ఇన్‌ల్యాండ్ నీలం రంగుతో సహా ప్రింట్ తీయించాం, ట్యాంకీ ఎడమ పక్కన తెల్ల బేస్ కొట్టి నాలుగు ముక్కలుగా పరిచా, నాలుగు కోట్లు, మధ్యలో రెండుసార్లు రుద్దడం. పాలిష్ వెంటనే చేయలేదు, క్లియర్ లోపల మిగిలిన థిన్నర్ పోతూ ఉంటే వారాల తరబడి కుంచించుకుంటది, దాచిన అంచు మళ్ళీ గీతలా పైకి తేలుద్ది, అందుకే నాలుగు వారాలు ఆగి 1500, 2000 నంబరు ఎమరీ వేసి పాలిష్ కాంపౌండ్ పెట్టా. మే నెల ఎండలు అయ్యాక తీసుకొచ్చి చూపించాడు. రాత అలాగే ఉంది, బుడగ లేదు, ముక్కలు కలిసిన ఒక చోట మాత్రం పక్కనుంచి చూస్తే సన్నటి గీత తెలుస్తోంది, గోరుకి తగలట్లేదు. వానలు తగ్గాక రెండు కోట్లు వేసి మళ్ళీ రుద్దుదాం అని చెప్పి పంపించా.